కాలికి తగ్గ పాట

"పాటలు ఎక్కించడం" అనే మాట తెలుగువాళ్ళం మనమే తయారు చేసుకున్నాం. బండికి ధాన్యం బస్తాలు ఎక్కించినట్టు, పిల్లల్ని బస్సు ఎక్కించినట్టు, పాటల్ని చిప్పులోకి ఎక్కిస్తాం. పదిహేను, ఇరవయ్యేళ్ళ కిందట సెల్ షాపు ముందు నిలబడితే చెవిన పడే మొదటి మాట ఇదే. "అన్నా, చిరంజీవి పాటలు మొత్తం ఎక్కించు." అంతకు ముందు తరంలో క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. తెల్లకాగితం మీద పద్నాలుగు పాటల పేర్లు వరుసగా రాసి, ఖాళీ క్యాసెట్ చేతికిచ్చి, "ఎల్లుండి రండి" అనిపించుకుని వచ్చేవాళ్ళం. 60 క్యాసెట్ అయితే ఒక్కో పక్కకి అరగంట. 90 అయితే ముప్పావుగంట. చివరిపాట రెండో చరణం మధ్యలో టేపు అయిపోయిందంటే తప్పు షాపతనిది కాదు, కూడిక సరిగ్గా చేసుకోని మనది.

ఆ కాగితం రాసే అలవాటు నాకు మళ్ళీ అవసరపడుతుందని అనుకోలేదు.

రిటైరైన ఏడాదే డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి, "షుగరు గుమ్మం దగ్గర నిలబడి ఉంది మాస్టారూ, లోపలికి పిలవకండి. రోజూ ముప్పావుగంట చురుగ్గా నడవండి" అన్నారు. మాది విశాఖపట్నం. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు, నడిచేవాళ్ళదే రాజ్యం. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, ఒడ్డున ఆరబెట్టినట్టు నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని దాటి, వెనక్కి రావడం నా దారి. మొదట్లో ఫోను పట్టుకునే వెళ్ళేవాణ్ణి. పాట పల్లవి దాటేలోపు ఒక శుభోదయం బొమ్మ టింగుమనేది. ఎవరు పంపారా అని చూసేవాణ్ణి. చూడాలంటే ఆగాలి. ముప్పావుగంట నడకలో పావుగంట నిలబడటమే సరిపోయేది.

ఇది చూసి మా మేనల్లుడు అగ్గిపెట్టె కంటే చిన్న ప్లేయరొకటి తెచ్చిచ్చాడు. బట్టల క్లిప్పులా చొక్కాని పట్టుకుంటుంది. సిమ్ లేదు, వాట్సాప్ లేదు. బొటనవేలు గోరంత తెర. "మావయ్యా, ఇందులో మీకిష్టమైన పాటలన్నీ వేసుకోండి" అన్నాడు. వేసుకున్నాను. ఘంటసాల దగ్గర్నుంచి కీరవాణి దాకా, ఇష్టమైనవన్నీ, మూడువందల పైచిలుకు.

మర్నాడు నడకలో మొదట పద్యం వచ్చింది. పద్యానికి ఎవరు నడవగలరు? ఆలాపన సాగినకొద్దీ నా కాళ్ళూ సాగాయి, చివరికి సముద్రం వైపు తిరిగి నిలబడి వింటున్నాను. తర్వాత ఒక జోలపాట. ఆ తర్వాత 'మాయాబజార్'లో మాధవపెద్ది సత్యం గారు పాడిన ఘటోత్కచుడి భోజనం పాట. ఆ పాట వింటూ గారెలూ బూరెలూ కళ్ళముందు తిరుగుతుంటే, అసలు నడిచింది ఎందుకో మరిచిపోయి, ఇంటికొచ్చి రెండు పెసరట్లు ఎక్కువ తిన్నాను. మా ఆవిడ చూసి, "ఏమండీ, ఆ పెట్టె మీ చేత నడిపిస్తోందా, తినిపిస్తోందా?" అంది.

కూర్చుని వినే పాట వేరు, కాలికి తగ్గ పాట వేరు. ఇది నాకు తలకెక్కడానికి పట్టిన రోజులు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే ఈ సంగతి అదే బీచిలో రోజూ నా కళ్ళముందే జరుగుతోంది. ఒడ్డు నుంచి పెద్దవల లాగే జాలర్లని చూసే ఉంటారు. ఒకరు కేక అందుకుంటారు, మిగిలినవాళ్ళు బదులు పలుకుతారు, ఆ బదులు మీదే తాడు మీద బలం పడుతుంది. కేక ముందుగా పడినా, ఆలస్యమైనా ఒకరి బలం ఇంకొకరికి కలవదు. నాట్లపాటలు, రోకటి పాటలు, పడవవాళ్ళ హైలెస్సాలు, అన్నీ ఈ లెక్క మీద కట్టినవే. ఎవరికి ఏ పాట ఇష్టమని ఆ కాలంలో అడగలేదు. ఏ పనికి ఏ దరువు అనేదే ప్రశ్న.

కాబట్టి ముందు మన దరువేదో మనం తెలుసుకోవాలి. చాలా తేలిక. మామూలుగా మీరు చురుగ్గా నడిచే వేగంలో నడుస్తూ, వాచీ చూసి పదిహేను సెకన్లలో ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. నావి ఇరవై ఎనిమిది, అంటే నిమిషానికి 112. పెద్దవాళ్ళకి నిమిషానికి వంద అడుగులు దాటితే అది వ్యాయామం కింద లెక్కకొస్తుందని నడక మీద పరిశోధన చేసినవాళ్ళ అంచనా. తర్వాత ఇంట్లో కూర్చుని పాట పెట్టి, తొడ మీద తాళం వేస్తూ అలాగే పదిహేను సెకన్లు లెక్కపెట్టండి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఆ పాట మీది. పరుగెత్తే కుర్రాళ్ళ అడుగులు నిమిషానికి 160 నుంచి 180 దాకా పడతాయి. అంత వేగమున్న పాటలు తెలుగులో ఎక్కువ దొరకవు. కానీ 85 దరువుల పాట దొరికితే చాలు, దెబ్బకి రెండడుగులు వేస్తే 170.

అంకె కలిసినా కొన్ని పాటలు కాలికి అడ్డుపడతాయి. తిశ్రగతిలో నిదానంగా ఊగే పాటలున్నాయి చూడండి, ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు. మనకి కాళ్ళు రెండే. మొదటి 'ఒకటి' కుడికాలి మీద పడితే తర్వాతి 'ఒకటి' ఎడమకాలి మీద పడుతుంది. ఉయ్యాలకి బాగుంటుంది, నడకకి తూలినట్టుంటుంది. ఖండగతి, అంటే అయిదు, ఇంకా కష్టం. అదే మూడు లెక్క వేగంగా కొడితే మళ్ళీ కథ మారుతుంది. తెలంగాణ తీన్మార్ దరువులో మూడు దెబ్బలూ ఒక్క అడుగులో ఇమిడిపోతాయి, అందుకే ఆ డప్పు వింటే కూర్చున్నవాడి మోకాలు కూడా ఆడుతుంది. నా జాబితాలో బోనాల పాట ఒకటి ఆ లెక్క మీదే చేరింది.

ఇది నా సొంత పైత్యం అనుకోకండి. లండన్‌లో బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కారజోర్గిస్ అనే ఆచార్యుడు ఏళ్ళ తరబడి ఈ పనే చేశాడు. శ్రమ తక్కువగానో మధ్యరకంగానో ఉన్నంతసేపు పాట మన దృష్టిని అలసట మీంచి పక్కకి లాగుతుంది. ఊపిరి అందని స్థితికి చేరాక మాత్రం ఒళ్ళు మాట్లాడే మాటే వినిపిస్తుంది, పాట వినిపించదు. 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇథియోపియా పరుగువీరుడు హైలీ గెబ్రెసెలాసీ 2,000 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు, మైదానంలో 'స్కాట్‌మన్' అనే పాట అడిగి పెట్టించుకున్నాడు. దాని దరువు తన కాలికి సరిగ్గా సరిపోతుందని. అందరికీ వినిపించేలా స్పీకర్లలో మోగింది కాబట్టి సరిపోయింది. చెవిలో పెట్టుకుని పోటీకి దిగితే కుదరదు. అథ్లెటిక్స్ నిబంధనల్లో రేడియోలు, సీడీలు, ఫోన్లు పోటీ జరిగేచోట ఉంచుకోవడమే బయటి సాయం పొందడం కింద లెక్క. మన రేడియోకి అంత గౌరవం ఇంకెక్కడా దక్కలేదేమో!

సరే, పాటలు ఏరుకున్నాం. ఇప్పుడు ఎక్కించాలి.

అసలు అంత చిన్న పెట్టెలో అన్ని పాటలు ఎలా పడతాయో ఒక్క మాట. సీడీలో పాట నిమిషానికి దాదాపు పది ఎంబీ జాగా తింటుంది. అయిదు నిమిషాల పాటకి యాభై. అదే పాట ఎంపీ3గా, 128 కేబీపీఎస్ లెక్కన మారిస్తే అయిదు ఎంబీకి లోపే. మిగతా తొమ్మిది వంతులు ఎక్కడికి పోయాయి? దీనికి జవాబు మన పెళ్ళిళ్ళలోనే ఉంది. మాంగల్యధారణ వేళ "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు. ఎందుకు? ఆ క్షణాన ఎవరు తుమ్మినా, ఎవరు అపశకునం మాట అన్నా డోలూ సన్నాయీ మోతలో వినపడకూడదని. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దాన్ని చెవి పట్టించుకోదు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు ఈ గట్టిమేళం సూత్రాన్నే గణితంలోకి తెచ్చారు. ఎలాగూ వినపడనిదాన్ని దాచడం ఎందుకని తీసేశారు. సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాద్యాలు లేకుండా ఒట్టి గొంతుతో పాడిన పాట ఒకటుంది. మొదట్లో ఆ గొంతు ఘోరంగా వచ్చేదట, డోలు లేని చోట తుమ్ము వినపడినట్టు. అది సరిగ్గా వచ్చేదాకా ఆ పాటనే పదేపదే పరీక్షించి సరిచేశారు. 1995 జూలై 14న ఆ ఫైళ్ళకి చివర ఎంపీ3 అని తోక పెట్టుకున్నారు. 1998కల్లా కొరియా నుంచి 32 ఎంబీ ప్లేయరు వచ్చింది. అంటే మన లెక్కలో ఆరేడు పాటలు. ఇప్పుడు మామూలు 8 జీబీ కార్డులో పదహారు వందలు పడతాయి. పడతాయి కదా అని వేసిన మూడువందలతో నేను పడ్డ పాట్లు చెప్పానుగా.

ఇంకో మాట. సముద్రపు హోరు, కాకుల గోల, పక్కవాళ్ళ రాజకీయం మధ్య నడుస్తూ వినేదానికి 320 కేబీపీఎస్ పెట్టినా 128 పెట్టినా నా చెవికి తేడా తెలియలేదు. ఇంట్లో మంచి స్పీకర్లలో తెలుస్తుంది. నడకకి చిన్నదే చాలు.

పాట ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఫోనులో నెలకింత చందా కట్టి పాటలు వినే యాప్‌లో 'డౌన్‌లోడ్' అని నొక్కితే పాట మన చేతికొచ్చిందనుకుంటాం. రాలేదు. అది తాళం వేసిన పెట్టె. ఆ యాప్‌లోనే తెరుచుకుంటుంది, చందా ఆగిందా, పెట్టె మూసుకుపోతుంది. దాన్ని ప్లేయరులోకి ఎక్కించలేం. నా దారి పాత సీడీలు. బీరువా పైన దుమ్ము పట్టిన వాటిని దించి, కంప్యూటరులో ఒక్కొక్కటే ఎంపీ3గా మార్చుకున్నాను. కొనుక్కున్న పాటని సొంతంగా వినడానికి నకలు తీసుకోవడం వేరు, వందమందికి పంచడం వేరు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షనులో సొంత వాడకానికి వెసులుబాటు కొంత ఉంది, పంపకానికి లేదు. సెల్ షాపులో అరగంటలో రెండువేల పాటలు ఎక్కించుకున్న రోజుల్లో ఈ సంగతి మనమెవరం అడగలేదు, చెప్పేవాళ్ళూ లేరు. పాటకి ఇంత అని రాసినవాడికీ పాడినవాడికీ చేరాల్సింది అలా ఎంత చేరకుండా పోయిందో.

ఇక నన్ను వారం రోజులు ఏడిపించిన సంగతి, వరుస. మొదట నిదానం పాట, కాళ్ళు వేడెక్కాక చురుకైనవి, చివర్లో మళ్ళీ నిదానం. అలా కాగితం మీద రాసుకుని ఎక్కించాను. ప్లేయరు మాత్రం తన ఇష్టమొచ్చినట్టు పాడింది. కాళ్ళు వేడెక్కకముందే డప్పు, ఆయాసపడుతుంటే మెలోడీ. తప్పు కాగితంలో లేదు. ఇలాంటి చవక ప్లేయర్లలో చాలావాటికి అక్షరక్రమం పట్టదు, ఏ ఫైలు ముందు లోపలికొచ్చిందో అదే ముందు. గుంపుగా పట్టుకుని ఒకేసారి విదిలిస్తే కంప్యూటరు వాటిని ఏ వరుసలో పంపిందో ఆ వరుసే మిగులుతుంది. పోనీ మధ్యలో ఒక పాట తీసేసి, కొత్తది చివర చేరుతుందిలే అని వేశానా? అది వెళ్ళి ఖాళీ అయిన చోట కూర్చుంది. పల్లెవెలుగు బస్సులో సగందారిలో ఒకాయన దిగితే, అప్పుడే ఎక్కినాయన ఆ సీట్లో కూర్చున్నట్టు. వరుస మార్చాలంటే బస్సు మొత్తం ఖాళీ చేసి, అందర్నీ మళ్ళీ ఒక్కొక్కరినే ఎక్కించాలి. ఇప్పుడు నేను చేసేది అదే. పేరు ముందు అంకె వేసుకుంటాను, 1, 2 అని కాదు, 01, 02 అని. పేరు చూసి పాడే ప్లేయర్లలో కొన్ని ఒంటి అంకెలతో ఒకటి తర్వాత పది పాడి, రెండుని ఆ తర్వాత అందుకుంటాయి. అంకెలు వేశాక మొదటిదాన్నుంచి ఒక్కొక్కటే పంపుతాను. పన్నెండు పాటలకి అయిదు నిమిషాల పని.

తెలుగు లిపిలో పేరు పెడితే నా ప్లేయరు గోరంత తెర మీద వరుసగా డబ్బాలు కనిపిస్తాయి. మన అక్షరాలు దాని పలకలో లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసుకోవాల్సి వచ్చింది, అది మాత్రం మనసుకి కష్టంగానే ఉంది. పెద్ద కార్డయితే మంచిదని 64 జీబీ కొన్నాను, ప్లేయరు దాన్ని గుర్తే పట్టలేదు. 32 జీబీ దాకా కార్డులకి ఒక పద్ధతి, అది దాటితే ఇంకో పద్ధతి. పాత ప్లేయర్లకి తెలిసింది మొదటిదే. కొనేముందు పెట్టె మీద చూసుకోండి. పాటలు ఎక్కాక 'ఇజెక్ట్' నొక్కకుండా తీగ లాగేయకండి. ఆఖరి పాట సగమే లోపలికి వెళ్ళి ఉంటుంది.

మన సినిమా పాటలకి ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. కొన్నిటికి ముందు సంభాషణ, తర్వాత ఆలాపన, ఆ తర్వాత వయొలిన్లు, అప్పటికి గానీ దరువు మొదలవదు. నడకలో ఆ ముప్పై సెకన్లూ కాలు గాల్లో వేలాడుతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ ముందు ముక్క కోసేస్తున్నాను. సంగీత దర్శకులు నన్ను క్షమించాలి, ఇంట్లో వినేటప్పుడు నిండుగానే వింటాను. అలాగే 1950ల రికార్డు సన్నగా వినిపిస్తుంది, దాని వెనకే వచ్చే కొత్త పాట చెవి పగలగొడుతుంది. ఎంపీ3గెయిన్ అనేది ఒకటి ఉంది, అన్ని పాటల గొంతునీ ఒక మట్టానికి తెస్తుంది. ఇది సోకు కాదు. సన్నపాటకి పెంచిన వాల్యూం కొత్తపాటకి తగ్గించడం మరిచిపోతాం. వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటల దాకా ఫర్వాలేదని, 90కి వెళితే నాలుగు గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పది డెసిబెల్స్ పెరిగితే గంటలు పదో వంతు అయిపోయాయి, చూడండి.

ఈత కొట్టేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, ఫోను గట్టున పెట్టి బ్లూటూత్‌తో వినలేమా అని. వినలేరు. ఆ తరంగాలు నీళ్ళలో జానెడు దూరం కూడా సరిగ్గా పోవు. వాళ్ళకి పాటలు చెవి దగ్గరే దాచుకునే ప్లేయరు కావాలి. అందుకే ఫోన్లు ఇంత తెలివిమీరాక కూడా పాటలు ఎక్కించే పని పూర్తిగా పోలేదు. ఆపిల్ ఐపాడ్ 2001లో వచ్చి 2022లో ఆగిపోయింది, నిజమే. కానీ నాలాంటివాళ్ళకి, ఈదేవాళ్ళకి చిన్న ప్లేయర్లు ఇంకా తయారవుతూనే ఉన్నాయి.

ఒక పాత ముచ్చట చెప్పాలి. 1979 జూలై 1న జపాన్‌లో సోనీ మొదటి వాక్‌మన్ అమ్మకానికి పెట్టినప్పుడు దానికి ఇయర్‌ఫోను రంధ్రాలు రెండు పెట్టారు. నారింజరంగు మీట కూడా ఒకటుండేది. అది నొక్కితే పాట తగ్గి, వింటున్న ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. పక్కన మనిషుండగా తానొక్కడే వినడం మర్యాద కాదేమోనని తయారుచేసినవాళ్ళ బెంగ. తర్వాత వచ్చిన వాటిలో ఆ మీట పోయింది. నేను మాత్రం బీచి మీద ఎదురయ్యే మిత్రులకి నమస్కారం పెట్టడానికి ఎడమచెవి ఖాళీగా ఉంచుకుంటాను. వాహనాలు వదిలే వేళయ్యాక ఆ చెవికి ఇంకో పని కూడా ఉంటుంది, వెనక నుంచి వచ్చే ఆటో హారను. రోడ్డు మీద నడిచే శ్రోతలు దయచేసి ఒక చెవి రోడ్డుకి వదలండి.

ప్రస్తుతం నా ప్లేయరులో పన్నెండు పాటలున్నాయి, మొత్తం నలభై ఎనిమిది నిమిషాలు. కురుసుర దగ్గర ఆరోపాట మొదలైతే వేగం సరిగ్గా ఉన్నట్టు, ఏడోది మొదలైతే నేను బద్ధకించినట్టు. నెలకోసారి నాలుగు మారుస్తాను, మళ్ళీ కాగితం, మళ్ళీ అంకెలు. ఆఖరిపాట అయ్యాక ఇల్లు ఇంకో పది నిమిషాల దూరం. అప్పుడు ఎఫ్ఎం మీట నొక్కుతాను. మీరూ నొక్కండి, కానీ తీగ ఉన్న ఇయర్‌ఫోనే పెట్టుకోండి. ఇలాంటి ప్లేయరులో రేడియోకి వేరే ఏరియల్ ఉండదు, ఆ తీగే ఏరియల్.